ఒంటికి తాలీం, మనసుకు నిబ్బరం

తెలుగులో దిగులును చెప్పే మాటలు చాలావరకు ఒంటి మాటలే. గుండె బరువెక్కింది అంటారు. కాళ్లు ఆడటం లేదు, అన్నం సయించటం లేదు, కంటి మీద కునుకు లేదు అంటారు. మొహం వేలాడేశాడని, మనిషి చతికిలబడ్డాడని అంటారు. సంతోషం సంగతీ అంతే. ఒళ్లు తేలికపడింది, కాలు ఒకచోట నిలవటం లేదు, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. మనసు కష్టాన్ని ఒంట్లో గుర్తుపట్టడం ఈ భాషకు ఎప్పటి నుంచో తెలుసు. అదే దారిలో ఎదురు నడిచి, ఒంటిని కదిలించి మనసును మార్చవచ్చా? మార్చవచ్చని చెప్పటానికి ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. ఆ మార్పు ఎలా వస్తుంది, ఎంత చేస్తే వస్తుంది, ఏ కదలికకు వస్తుంది, దేనికి రాదు అన్నవి విడిగా చూడవలసిన సంగతులు. ఒంటి కష్టం మీదే బతికే జనం ఎక్కువగా ఉన్న కోనసీమలో ఆ చివరి ప్రశ్నకు బరువు ఎక్కువ.

వ్యాయామం, హాయి అనగానే చాలామందికి గుర్తొచ్చే మాట ఎండార్ఫిన్లు. ఇవి ఒళ్లు తనంతట తాను తయారు చేసుకునే నల్లమందు వంటి పదార్థాలు. 1970ల్లో వీటిని కనుగొన్నారు. పరుగెత్తితే రక్తంలో ఎండార్ఫిన్లు పెరుగుతాయి, అందుకే హాయి అన్న వివరణ పత్రికల్లో పాతుకుపోయింది. అది తప్పు కాదు గానీ కథ అక్కడితో ఆగదు. రక్తంలో ఉన్న ఎండార్ఫిన్లు మెదడుకు కాపలా కాసే పొరను సులువుగా దాటలేవు. 2008లో జర్మనీ పరిశోధకులు దూరపు పరుగులో ఆరితేరిన 10 మందిని రెండు గంటలు పరుగెత్తించి, వాళ్ల మెదడును స్కాన్ చేసి చూశారు. భావోద్వేగాలకు సంబంధించిన భాగాల్లో ఆ పదార్థాలు మెదడులోనే విడుదలైన ఆనవాళ్లు కనిపించాయి. 2015లో ఎలుకల మీద జరిగిన మరో పరిశోధన, పరుగు తర్వాతి నెమ్మదికి ఎండోకానబినాయిడ్లు అనే వేరే పదార్థాలు కూడా కారణమని చూపింది. ఇవి కొవ్వులో కరిగే రకం కాబట్టి కాపలా పొరను దాటగలవు.

ఆ హాయి గంటో రెండు గంటలో ఉండి పోతుంది. క్రమం తప్పకుండా చేసేవాళ్లలో కనిపించే మార్పు నెమ్మదైనది, లోతైనది. 2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఎలుకల్లో ఒక ఆసక్తికరమైన సంగతి గమనించారు. ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో కైన్యురెనిన్ అనే పదార్థం పెరిగి, మెదడుకు చేరి కీడు చేస్తుంది. పనిచేసి పదునెక్కిన కండరం ఆ పదార్థాన్ని మెదడులోకి పోలేని మరో రూపంలోకి మార్చేస్తుంది. అంటే కండ కాలేయంలా వడపోత పని చేస్తోంది. మనుషుల్లో చూస్తే, 2011లో అమెరికాలో 120 మంది వృద్ధుల మీద ఏడాది పాటు ఒక పరీక్ష జరిగింది. సగం మంది వారానికి మూడు రోజులు నడిచారు, మిగతా సగం ఒళ్లు సాగదీసే తేలిక కసరత్తులు మాత్రం చేశారు. జ్ఞాపకానికీ, ఒత్తిడిని అదుపులో పెట్టటానికీ పనికొచ్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం వయసుతో కుంచించుకుపోవడం మామూలే. నడిచిన వాళ్లలో అది సుమారు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో తగ్గింది.

ఆందోళన విషయంలో వ్యాయామం చేసే మేలు ఇంకో రకం. గుండె దడదడలాడటం, చెమట పట్టడం, ఊపిరి ఆడకపోవడం ఆందోళన జబ్బు ఉన్నవాళ్లను భయపెట్టే గుర్తులు. ఆ గుర్తులే భయాన్ని మరింత పెంచి, ఏదో ముంచుకొస్తోందన్న అనుమానం పుట్టిస్తాయి. జోరుగా నడిచిన మనిషికీ అదే దడ, అదే చెమట, అదే ఆయాసం. కానీ పది నిమిషాలు కూర్చుంటే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. రోజూ ఇలా జరుగుతుంటే, గుండె వేగం పెరగడం ప్రమాదం కాదని ఒళ్లు నేర్చుకుంటుంది. మాటలతో ఎంత నచ్చచెప్పినా తలకెక్కని ఈ సంగతి కాళ్ల ద్వారా ఎక్కుతుంది. దీనికి తోడు నిద్ర. పగలు ఒళ్లు అలిసినవాళ్లకు రాత్రి గాఢంగా నిద్ర పడుతుంది. నిద్ర చాలితే మర్నాటి చికాకు సగం తగ్గుతుంది.

మందులతో పోల్చి చూసిన పరీక్షల్లో ఎక్కువగా చెప్పుకునేది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్లూమెంథాల్ బృందం చేసినది. ఫలితాలు 1999లో వచ్చాయి. 50 ఏళ్లు దాటి, కుంగుబాటు జబ్బు ఉన్న 156 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సెర్ట్రలీన్ మాత్ర, ఒక జట్టుకు వారానికి మూడుసార్లు నడక లేదా పరుగు, మూడో జట్టుకు రెండూ. మాత్ర వేసుకున్నవాళ్లు ముందుగా తేరుకున్నారు. 16 వారాలు గడిచేసరికి మూడు జట్లూ దాదాపు ఒకే చోటికి చేరాయి. పరీక్ష ముగిసి ఆరు నెలలైన తర్వాత చూస్తే, తేరుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం వ్యాయామం జట్టులో తక్కువగా ఉంది. దీన్నిబట్టి మాత్ర మానేయవచ్చని అనుకుంటే పొరపాటు. ఆ పరీక్షలో చేరినవాళ్లు కసరత్తు చేయటానికి ముందుకొచ్చిన మనుషులు, పక్కన శిక్షకులు ఉన్నారు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 218 పరీక్షలను కలిపి తూచిన వ్యాసాన్ని ప్రచురించింది. నడక, తేలిక పరుగు, యోగా, బరువులెత్తడం ఇవన్నీ కుంగుబాటును తగ్గిస్తాయనీ, ఒంటరిగా గానీ మందులతో, మాట్లాడి చేసే చికిత్సతో కలిపి గానీ వాడుకోవచ్చనీ అది తేల్చింది.

ఎంత చేయాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలి, కండరాలకు బలమిచ్చే పని రెండు రోజులైనా ఉండాలి. ఓ మాదిరి అంటే మాట్లాడగలరు గానీ పాట పాడలేనంత ఆయాసం. ఈ లెక్క విని వెనకాడేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి 2022లో వచ్చింది. లక్షా 90 వేల మందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన 15 అధ్యయనాలను కలిపి చూస్తే, చెప్పిన దానిలో సగం చేసినవాళ్లలో కూడా, ఏమీ చేయనివాళ్లతో పోల్చితే, కుంగుబాటు వచ్చే ప్రమాదం 18 శాతం తక్కువ. పూర్తిగా చేసినవాళ్లలో 25 శాతం తక్కువ. మేలులో పెద్దవాటా మొదటి అడుగుల్లోనే ఉంది. సున్నా నుంచి రోజుకు పావుగంటకు వచ్చిన మనిషికి దక్కేది, గంట నుంచి రెండు గంటలకు పోయిన మనిషికి దక్కదు.

ఇక కోనసీమకు అసలైన ప్రశ్న. కొబ్బరికాయల దింపు తీసే మనిషి కాళ్లకు తాడు వేసుకుని పొద్దుటి నుంచి చెట్టు తర్వాత చెట్టు ఎక్కుతాడు. ఒలుపు కార్మికుడు భూమిలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, మెలితిప్పి, డొక్క ఊడదీస్తాడు. అదీ ఒకటి రెండు కాదు, రోజంతా. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్లు నడుం వంచితే సాయంత్రానికి గానీ ఎత్తరు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లు, రావులపాలెంలో అరటి గెలలు ఎత్తేవాళ్లు జిమ్‌లకు పోయే చాలామంది ఎత్తనంత బరువు ఎత్తుతారు. వీళ్లకు ఇంకా వ్యాయామం ఎందుకని అడగటం సహజం. కదలిక ఒక్కటే మందైతే వీళ్ల మనసులు అందరికన్నా తేలిగ్గా ఉండాలి.

అలా ఉండవని లెక్కలు చెబుతున్నాయి. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష కదలికను రకాలుగా విడదీసి చూసింది. తీరిక వేళ ఇష్టంగా చేసే శ్రమకూ మనసు ఆరోగ్యానికీ మంచి సంబంధం కనిపించింది. బతుకుతెరువు కోసం చేసే శ్రమలో అది కనిపించలేదు సరికదా, అలాంటి శ్రమ ఎక్కువైన చోట మనసు ఇబ్బందులు కూడా ఎక్కువగానే ఉన్నాయి. కారణాలు ఊహించలేనివి కావు. కూలిపనిలో వేగం మనిషి చేతిలో ఉండదు. ఒకే కండ, ఒకే కీలు గంటల తరబడి అరుగుతాయి. విశ్రాంతి చాలదు. చెట్టు మీద కాలు జారితే ఇల్లు గడవదన్న భయం పనితో పాటే ఎక్కుతుంది, పనితో పాటే దిగుతుంది. కూలి ఎంత వస్తుందో, రేపు పని ఉంటుందో లేదో అన్న దిగులు ఎంత చెమట పోసినా కరగదు. ఒంటి కష్టం చేసేవాళ్లకు వ్యాయామం అక్కర్లేదని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్లకు కావలసింది మరో గంట శ్రమ కాదు. వంగిన నడుము సాగే కసరత్తు, ఊపిరి నెమ్మదించే యోగాసనాలు, నలుగురితో కలిసి ఆడే ఆట, అంటే తమకోసం తాము చేసుకునే కదలిక. దానికన్నా ముందు చాలినంత విశ్రాంతి, న్యాయమైన కూలి.

తమకోసం, నలుగురితో కలిసి, గురువు దగ్గర నేర్చుకుని చేసే కదలికకు కోనసీమలో పాత పేరు తాలీం. నేర్పడం అనే అర్థమున్న అరబ్బీ మాట ఇది. తెలుగులోకి వచ్చి కసరత్తుకు, సాముకు స్థిరపడింది. తాలింఖానా అంటే సాము నేర్పే చోటు. అచ్చతెలుగులో గరిడి. అమలాపురం దసరాకు పేరు తెచ్చిన చెడీ తాలింఖానా 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న విద్య. కొంకాపల్లికి చెందిన అబ్బిరెడ్డి రామదాసును దీనికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. కొంకాపల్లి, మహిపాల వీధి వంటి పేటల నుంచి అమ్మవారి వాహనాలు ఊరేగింపుగా బయలుదేరితే, ముందు ఆ పేట కుర్రాళ్లు, పెద్దలు కర్రలు, కత్తులు, బల్లేలు తిప్పుతూ నడుస్తారు. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయను కత్తితో రెండు చెక్కలు చేసే విన్యాసం చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు.

ఆ విన్యాసాన్ని మనసు వైపు నుంచి చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. గంతలు కట్టుకున్నవాడికి చేతి మీద నమ్మకం ఉండాలి, పడుకున్నవాడికి ఆ చేయి మీద అంతకన్నా ఎక్కువ నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఒక్కరోజులో రాదు. మొదట ఖాళీ చేతి అడుగులు, తర్వాత కర్ర, ఆ తర్వాతే కత్తి. నిన్న రాని పట్టు ఇవాళ వచ్చిందన్న ఎరుక ప్రతి మెట్టులోనూ ఉంటుంది. ఒక పని తన వల్ల అవుతుందన్న నమ్మకం మనిషిని కుంగుబాటు నుంచి కాపాడుతుందని మనస్తత్వశాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977 నుంచి వాదించాడు. ఆ నమ్మకం పుట్టటానికి అన్నిటికన్నా బలమైన మూలం ఎవరో మెచ్చుకోవడం కాదు, స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. గరిడిలో దొరికేది అదే. పరీక్ష తప్పిన కుర్రాడికి, ఉద్యోగం దొరకని యువకుడికి బతుకులో మరెక్కడా దొరకని చిన్న చిన్న గెలుపులు అక్కడ దొరుకుతాయి. దానితో పాటు ఫలానా పేటవాడినన్న గుర్తింపు, ఒకరోజు రాకపోతే ఏమైందిరా అని అడిగే మనుషులు.

కలిసి చేయడంలో ఇంకో గుణం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో తమ పడవ జట్టు కుర్రాళ్లతో యంత్రాల మీద తెడ్లు వేయించారు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా. శ్రమ ఒకటే. తర్వాత చేతికి పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో కొలిస్తే, కలిసి తెడ్డు వేసిన రోజున ఓర్పు ఎక్కువగా ఉంది. లయ కలిసినప్పుడు మెదడులో ఎండార్ఫిన్లు ఎక్కువగా విడుదలవుతాయని వాళ్ల అంచనా. ఇది వినగానే కోనసీమవాళ్లకు కనుమ రోజు జగ్గన్నతోట గుర్తుకు రావాలి. మొసలపల్లి దగ్గరి ఆ తోటకు 11 ఊళ్ల రుద్రులు, అంటే శివుడి రూపాలు, ప్రభల మీద చేరతారు. నిలువెత్తు దాటిన ఆ ప్రభలను జనం భుజాల మీద మోసుకుంటూ, అశ్శరభ అని అరుస్తూ, వరిచేల మీదుగా వస్తారు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక ఏటిలో మెడలోతు నీళ్లు దాటి వస్తాయి. ఒక్కడు అడుగు తప్పితే ప్రభ ఒరుగుతుంది కాబట్టి అందరి అడుగూ ఒకటే. ఆ బరువు ఒంటరిగా మోయమంటే ఎవరికైనా శిక్ష, ఊరంతా కలిసి మోస్తే పండగ. సంక్రాంతి రోజుల్లో ఆత్రేయపురం కాలువలో జరిగే పడవ పందేల్లోనూ తెడ్లన్నీ ఒకే లయలో పడతాయి. అయితే ఏడాదికి ఒకరోజు వచ్చే పండగ మనసుకు జ్ఞాపకంగా మిగులుతుంది గానీ అలవాటు కాదు. వారం వారం జరిగే సాధనతోనే మేలు నిలుస్తుంది.

ఆటల్లో అందరికీ అందుబాటులో ఉన్నది షటిల్. 2000లో అమలాపురంలో పుట్టిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఆడాడు, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ నంబర్ వన్ డబుల్స్ జోడీలో ఒకడయ్యాడు. పతకాల మాట అలా ఉంచితే, షటిల్ మనసుకు చేసే పని ఒకటుంది. దిగులు పడ్డ మనిషి జరిగిపోయినదాన్ని పదే పదే నెమరు వేస్తాడు. కాక్ నెట్ దాటి వచ్చే అర సెకనులో నెమరు వేయటానికి చోటు లేదు. డబుల్స్ ఆటలో పక్కవాడిని కూడా కనిపెట్టుకోవాలి. అరగంట ఆట అంటే ఆ దిగులు చక్రం అరగంట ఆగడమే. ఆగిన చక్రం మళ్లీ తిరిగినా, మునుపటి జోరు ఉండదు.

ఇదంతా చెప్పినప్పుడు ఆడవాళ్ల ఊసు తక్కువగా వస్తుంది. గరిడి, ప్రభ, కోర్టు చాలావరకు మగవాళ్ల చోట్లే. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, మనదేశంలో 2022 నాటికి పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంతగా కదలటం లేదు. మగవాళ్లలో ఇది 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. రాజోలు, మలికిపురం, మామిడికుదురు ప్రాంతాల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో పనికి పోయారు. అక్కడ నాలుగు గోడల మధ్య వాళ్లు, ఇక్కడ పిల్లల్ని పెట్టుకుని ముసలి తల్లులు. రెండు చోట్లా ఒంటరితనమే. ఊళ్లో ఉన్న తల్లికి అన్నిటికన్నా నప్పేది తోడుతో నడక. ఇద్దరు ముగ్గురు ఒక వేళ అనుకుని బయలుదేరితే నడకతో పాటు కష్టసుఖాలు చెప్పుకోవడమూ అవుతుంది. ఎవరో ఏదో అనుకుంటారన్న జంకు ఒక్కరు నడిస్తే ఉంటుంది, నలుగురు నడిస్తే పోతుంది. దూరదేశంలో గదిలో ఉన్న మనిషికి యోగాసనాలు, మెట్లు ఎక్కి దిగడం, నిలబడ్డ చోటనే చేసే కసరత్తులు మిగిలిన దారి. వాటికీ మేలు ఉంది.

నడవటానికి కోనసీమలో చోటుకు కొదవ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువల వెంట గట్లున్నాయి. ఒకప్పుడు పడవలకు తాడు కట్టి లాగుతూ మనుషులు నడిచినవి ఆ గట్లే. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంట ఏటిగట్లున్నాయి. పచ్చని చెట్లు, నీరు కనిపించే చోట నడిస్తే మనసు మరింత నెమ్మదిస్తుందని చెప్పే పరిశోధనలు చాలా ఉన్నాయి. అడ్డంకి వాతావరణం. సముద్రపు గాలిలోని తేమ వల్ల ఇక్కడ చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ పొడ రాకముందు గానీ, పొద్దు వాలాక గానీ నడవాలి. తాగటానికి నీళ్లు ఉంచుకోవాలి. వానల్లో గట్లు జారతాయి, పాములు గట్టెక్కుతాయి. ఆ రోజులకు ఇంటి వసారాలో చేసే కసరత్తులు ముందే అలవాటు చేసుకుంటే వరుస తెగదు. వేళ ఒకటి స్థిరంగా పెట్టుకున్నవాళ్లకు, ఆ పని రోజూ చేసే మరో పనికి ముడివేసుకున్నవాళ్లకు అలవాటు త్వరగా నిలుస్తుంది. పొద్దున్న కాఫీ తాగాక అని గానీ, పిల్లల్ని బడిలో దింపి వచ్చేటప్పుడు అని గానీ.

వ్యాయామం చేయలేని పనులూ ఉన్నాయి. కుంగుబాటు ముదిరితే మంచం దిగటమే కొండెక్కినంత పని అవుతుంది. అలాంటి మనిషిని లేచి నడవమని గద్దించడం గాయం మీద కారం చల్లినట్టే. బద్ధకమని, ధైర్యం లేదని అనడం ఇంకా పెద్ద తప్పు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, తిండి, నిద్ర చెడినా, చచ్చిపోవాలన్న తలంపు వచ్చినా డాక్టరును కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులోనే ఉచితంగా సలహా దొరుకుతుంది. మందులు వాడేవాళ్లు నడక మొదలుపెట్టామని వాటిని సొంతంగా మానకూడదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, షుగరు ఉన్నవాళ్లు గట్టి కసరత్తుకు ముందు డాక్టరును అడగాలి. కొద్దిమందిలో కసరత్తే వ్యసనమవుతుంది. ఒకరోజు తప్పితే విలవిలలాడటం, దెబ్బ తగిలినా ఆపలేకపోవడం దానికి గుర్తులు.

చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది మాత్రం దీనికి తలకిందులు. జ్వరమో, పెళ్లో, వరదో వచ్చి పది రోజులు ఆగిపోతుంది, ఆగినందుకు సిగ్గుపడి మొత్తానికే మానేస్తారు. అంతవరకు చేసిన సాధన పది రోజుల్లో పూర్తిగా ఎటూ పోదు. ఒంట్లో శక్తి కొంత తగ్గుతుంది, మళ్లీ సాధన చేస్తే కొన్ని వారాల్లో తిరిగి వస్తుంది. మళ్లీ మొదలుపెట్టే రోజున పాత దూరం నడవాలని పట్టుబట్టకుండా సగం దూరమే పోయి వెనక్కి తిరగడం మంచిది. రాజోలు ఏటిగట్టు మీదైనా, కొత్తపేట కాలువ గట్టు మీదైనా మొదటి రోజుకు పావుగంట చాలు.